యాదగిరి ఇటలీ కారు, నా కడుపుమంట

2024. చలి వెనక్కి తగ్గి, ఏడుపాయల జాతర దగ్గరపడుతున్న రోజులు. మెదక్ పట్టణంలో రామాయంపేట రోడ్డు మీద, పంక్చర్ దుకాణానికీ సిమెంటు గోదాముకూ మధ్య ఒక రేకుల షెడ్డు ఉంటుంది. అది నాది. యాభై ఏళ్లుగా కార్లు బాగుచేస్తున్నాను. ఈ జిల్లాలో నా చెయ్యి పడని కారు లేదు. జర్మనీ కార్లయితే నా షెడ్డు ముందు వరస కట్టి నిలబడేవి.

ఇంతవరకు రాసి, చదువుకుని, పెన్ను పక్కన పెట్టి చాయ్ తాగి వచ్చాను. ఇప్పుడు కొంచెం సర్దుకుంటాను. ఆ యాభై ఏళ్లలో మొదటి కొన్నేళ్లు నేను ముట్టుకున్నవి చాయ్ గ్లాసులే, కార్లు కావు. వరస కట్టిన జర్మనీ కార్లు రెండు. అందులో ఒకటి చర్చికి దారి అడగడానికి ఆగింది.

వయసు మీద పడ్డాక కారు కిందికి దూరే పని తగ్గించుకున్నాను. ఇప్పుడు ఎక్కువగా చేసేది ప్రీ-పర్చేజ్ ఇన్‌స్పెక్షన్. అంటే, పాత కారు కొనేవాళ్లు బేరం ముగించకముందే దాన్ని నా దగ్గరికి తెస్తారు. నేను ఇంజను విని, టైర్లు తడిమి, స్కానర్ పెట్టి చూసి, కొనవచ్చో కూడదో చెబుతాను. స్కానర్ అంటే స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు తగిలించే అరచేతంత పెట్టె. కారు కంప్యూటరు తన కడుపులో దాచుకున్న తప్పులన్నింటినీ అది బయటికి చదువుతుంది. మనుషులకు అలాంటి సాకెట్ లేకపోవడం నా అదృష్టం. ఉంటే ఆ నెలలో నా తెర మీద ఒకే ఒక్క తప్పు ఎర్రగా మెరుస్తూ ఉండేది. యాదగిరి.

యాదగిరీ నేనూ ఒకే ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాం. నేను మొదటిసారి పూర్తిగా విప్పి మళ్లీ బిగించిన ఇంజను ఒక పద్మిని కారుది. ఇటలీవాళ్ల డిజైను మీద మన దేశంలో తయారైన కారు అది. ఉస్తాద్ దాని బానెట్ ఎత్తి, "చూడు సత్తీ, వేరే దేశపోళ్లు ఇంజను చేస్తరు. ఇటలీవోళ్లు పాట కడతరు" అనేవాడు. ఆయన ఇటలీ చూడలేదు. జహీరాబాద్ దాటాడా అన్నది కూడా నాకు అనుమానమే. అయినా ఆ మాట నా చెవిలో కూర్చుండిపోయింది.

ఇంజను బిగించింది నేను. తీరా రోడ్డు మీద పరీక్షించే వేళకు ఉస్తాద్ తాళాలు తీసి యాదగిరి చేతిలో పెట్టాడు. "నీకు చెవి ఉన్నది సత్తీ. వానికి గుండె ఉన్నది. తోలనీకి గుండె గావాలె" అన్నాడు. నేను బిగించిన ఇంజను, నేను సరిచేసిన చప్పుడు, యాదగిరి చేతి కింద ఏడుపాయల దిక్కు వెళ్లిపోతుంటే గ్రీజు చేతులతో నిలబడి చూశాను. నా కడుపుమంట పుట్టిన రోజు అదే.

తర్వాత యాదగిరి స్పానర్ వదిలేసి హార్వెస్టర్ ఎక్కాడు. మొదట ఎవరి మిషనో తోలాడు. తర్వాత తనదే కొన్నాడు. తర్వాత ఇంకొన్ని. పాపన్నపేట చుట్టుపక్కల వరి కోతకు వచ్చిందంటే ముందు మోగేది వాడి ఫోనే. వాడి మిషన్లు చెడిపోతే నేనే బాగుచేసేవాణ్ణి. అవి చెడిపోవాలని నేనెప్పుడూ కోరుకోలేదు.

సరే, కోరుకున్నాను. కోతల కాలంలో మాత్రం కోరుకోలేదు.

అలాంటి యాదగిరి ఆ రోజు నా షెడ్డుకు వచ్చి, టైరు మీద కూర్చుని, చాయ్ ఊదుకుంటూ అన్నాడు.

"సత్తిగా, రెండు మిషన్లు అమ్మేసిన."

"ఏమాయెరా? తిండికి తక్కువైందా?"

"కారు కొంట. ఉరికే కారు."

"నీ వయసుకు మంది చక్రాల కుర్చీ కొంటరు."

"గందుకే జల్ది పడుతున్న." వాడు నవ్వలేదు. "నలభై ఏండ్లు హార్వెస్టర్ల కూసున్న. దాని వేగమెంత? మనిషి నడిచినంత. పొలంల నేను దుమ్ము తినుకుంట నడుస్తుంటె, పక్కపొంటి రోడ్డు మీద కార్లు సుయ్యిమని పోతుండె. జిందగంత చూసుకుంటనే ఉన్న. ఇంకా మోకాళ్లు వంగుతున్నయి. ఇంకో రెండేండ్లయితె గసొంటి కారు సీట్లకెల్లి లేవనీకి గూడ రాదు. కొంటె గిప్పుడే. ఒక్కటే. తప్పు బండి కొన్ననంటె మల్ల కొననీకి ఆస్తి లేదు, వయసు లేదు."

హైదరాబాద్‌లో పాత ఖరీదైన కార్లు అమ్మే దుకాణంలో వాడు రెండింటిని చూసి వచ్చాడు. ఒకటి జర్మనీది, ఒకటి ఇటలీది. రెండూ స్పోర్ట్స్ సెలూన్లే. అంటే నాలుగు తలుపులు, వెనక డిక్కీ, పిల్లాపాపలకు చోటు, చూడడానికి సంసారి కారు. యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం సంసారం గుర్తుండదు.

"రెండూ నీ దగ్గరికి తెప్పిస్త. నువ్వు చూసి చెప్పు. నువ్వు చెప్పినాకనే కొంట" అన్నాడు.

ఈ మాట విన్నప్పుడు నాకు ఎంత గర్వమైందో, 'ఇటలీది' అన్న మాట విన్నప్పుడు అంత మంట లేచింది. పాట కట్టింది ఉస్తాద్ చెప్పిన ఇటలీవాళ్లు. విన్న చెవి నాది. కొనేది యాదగిరి.

ముందు జర్మనీ కారు వచ్చింది. దుకాణం తరఫున ఇమ్రాన్ అనే మర్యాదస్థుడు తోలుకొచ్చాడు. ముదురు బూడిద రంగు. తలుపు వేస్తే ఇనప బీరువా మూసిన చప్పుడు. ఇంజను నడుస్తోందో లేదో బానెట్ మీద చెయ్యి పెట్టి తెలుసుకోవాలి. స్కానర్‌లో ఒక్క తప్పు లేదు. పార్టులు హైదరాబాద్‌లో దొరుకుతాయి, ఆ కారు తెలిసిన మెకానిక్కులు ఉన్నారు, నాలుగేళ్ల తర్వాత అమ్మినా గిట్టుబాటు ధర వస్తుంది. అన్నీ చూసి యాదగిరి భుజం తట్టాను.

"మస్తు బండిరా. కండ్లు మూసుకొని కొనుక్కో. నీకు శోభిస్తది."

మనసు మంజీరా నది నీళ్లంత చల్లగా ఉంది. నేను ఇంత మంచివాణ్ణి ఎప్పుడయ్యానా అని నాకే ఆశ్చర్యం వేసింది. యాదగిరి నా ముఖం వంక ఒక్క క్షణం చూసి, "సరే. ఇంకోటి గూడ చూడు" అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత ఇటలీ కారు వచ్చింది. రాకముందే దాని గొంతు వచ్చింది. రామాయంపేట రోడ్డు మలుపు దగ్గర ఇమ్రాన్ గేరు దించినప్పుడు వచ్చిన ఆ చప్పుడుకు, పంక్చర్ దుకాణం ముందు కూర్చున్న కుక్క కూడా లేచి నిలబడింది. పండిన నేరేడు రంగు కారు. ముందు భాగం నేలకు వంగి, ఏదో వాసన పట్టిన జంతువులా ఉంది. ఆగిన తర్వాత కూడా లోపల సన్నగా టిక్కుటిక్కుమంటూ చల్లబడుతోంది.

నేను దాని చుట్టూ తిరగలేదు. తిరిగితే కాళ్లు ఆగవని తెలుసు. దూరంగా నిలబడి పది లోపాలు చెప్పాను. సీటు కుట్టు వంకర. హారన్ గొంతు సన్నం. రంగు ఎండకు నిలవదు. డాష్‌బోర్డు గుండీలు వరసలో లేవు. స్టీరింగ్ మరీ తేలిక, చిటికెన వేలు కదిలిస్తే తిరిగిపోతుంది, మన రోడ్ల మీద అంత చురుకు పనికిరాదు. ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయాను.

నిజమైన లోపాలు అందులో రెండే. పార్టు పోతే సముద్రం దాటి రావాలి, వచ్చేదాకా బండి ముసుగేసుకుని పడుకోవాలి. రెండోది గ్రౌండ్ క్లియరెన్స్, అంటే కారు పొట్టకూ నేలకూ మధ్య ఉండే ఖాళీ, చాలా తక్కువ. మన ఊళ్లల్లో ఎవరికి వారు పోసుకున్న స్పీడ్ బ్రేకర్లకు అది కడుపు కోసుకుంటుంది. ఆ రెండూ గట్టివే. కొనేవాణ్ణి ఆపడానికి అవి చాలు. మిగిలిన ఎనిమిదీ నేను పుట్టించినవి. స్టీరింగ్ తేలిక అన్నది లోపమే కాదు. ఆ కారు కొనేవాళ్లు కొనేది దానికోసమే.

యాదగిరి నా మాటలకు తల ఊపుతున్నాడు గాని, కారును చూడడం లేదు. నా ముఖమే చూస్తున్నాడు. మీసాల కింద ఏదో నవ్వు. నా అనుభవానికి మురిసిపోతున్నాడనుకున్నాను.

"అయితె రోడ్డు మీద చూద్దాం పా. ఏడుపాయల దాక పోయొద్దాం" అన్నాడు.

యాదగిరి స్టీరింగ్ ముందు, నేను పక్కన, ఇమ్రాన్ వెనక. పాపన్నపేట రోడ్డు పట్టాం. మంజీరా నీళ్లు పారే పొలాల మధ్య యాసంగి వరి పచ్చగా ఉంది. వాడు తొక్కాడు. నా వీపు సీటుకు అతుక్కుంది. వాడి నోటి నుంచి ముసలివాడు చేయకూడని చప్పుడు ఒకటి వచ్చింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఇంజను నిమిషానికి మూడు వేల చుట్లు దాటాక గొంతు మారుతుంది. ఆ మార్పు ఎక్కడొస్తుందో నా చెవికి ముందే తెలిసిపోతోంది. తోలేవాడికి తెలియడం లేదు. అదే నా బాధ.

కొంత దూరం పోయాక రోడ్డు మీద ఉలవ పంట పరిచి ఉంది. ఈ దిక్కుకు కొత్తవాళ్ల కోసం చెబుతాను. ఉలవలూ అలాంటివీ కోశాక రైతులు ఎండిన చెట్లను రోడ్డు మీద పరుస్తారు. పోయే వచ్చే బండ్లు తొక్కితే గింజ రాలుతుంది. నూర్పిడి ఖర్చు మిగులుతుంది. చేయకూడదంటారు గాని అందరూ చేస్తారు. పంట మీది నుంచి పోవడం మా దగ్గర మర్యాద. పక్క నుంచి తప్పించుకుపోయే బండివాణ్ణి పొగరుబోతు అంటారు.

పంట పక్కన పంగల కర్ర పట్టుకుని ఒక ముసలామె నిలబడి ఉంది. ఎండిన కట్టెను, అంటే ఉలవ కాడలను, తిరగేసే కర్ర అది. మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది.

"జర మీదికెల్లి పో తమ్మీ! పెద్ద బండి, మంచిగ తొక్కుతది!"

యాదగిరి నా వైపు తిరిగాడు. "ఏమంటవ్?"

ఇక్కడ నేను మెకానిక్‌ని. తక్కువ ఎత్తున్న కారు అంత మందపు కట్టె మీది నుంచి పోకూడదని నాకు తెలుసు. కాని పొట్టకు కట్టె రాసుకునే చప్పుడు వాడి చెవిన పడాలి, ఈ కారు మన ఊరికి పనికిరాదని వాడంతట వాడే ఒప్పుకోవాలి. నా బుర్రలో మెదిలింది అది ఒక్కటే.

"పోనియ్యి. మన రోడ్లకు ఆగుతదో ఆగదో చూడాలె గద. గిది గూడ టెస్టే" అన్నాను.

కారు కింద గరగరమని కట్టె రాసుకుంది. నాకు హాయిగా ఉంది. వెనక నుంచి ఇమ్రాన్ "అరె చాచా, అరె చాచా" అంటున్నాడు. పంట దాటగానే ఆమె మళ్లీ కేకేసింది. "ఇంకొక్కపారి తమ్మీ!" యాదగిరి రైతు ఇంట్లో పుట్టినవాడు, కాదనలేడు. బండి తిప్పి రెండోసారి తొక్కాడు, మూడోసారి తొక్కి ముందుకు సాగాడు.

కొంచెం దూరం పోయామో లేదో, వాసన వచ్చింది. ఏదో మాడుతున్న వాసన.

ఉస్తాద్ నాకు చెవి ఉందన్నాడు. ముక్కు కూడా ఉందని నేను అందరికీ చెప్పుకుంటాను. కళ్లకు గంతలు కట్టినా క్లచ్ మాడిందో, బెల్టు మాడిందో, ఆయిల్ మాడిందో చెబుతానని పందెం కాసేవాణ్ణి. ఆ ముక్కుతో ఒక్కసారి గట్టిగా పీల్చి, సంతోషం ఆపుకోలేక తీర్పు చెప్పేశాను.

"ఆయిల్ లీక్! టర్బో దగ్గర సీలు పోయింది. వేడి ఎగ్జాస్టు మీద నూనె పడి మాడుతున్నది. నేను ముందే అనలే?" ఎగ్జాస్టు అంటే ఇంజను పొగను వెనక్కి మోసుకుపోయే గొట్టం. నిప్పు కణికలా కాగుతుంది. టర్బో అంటే ఆ పొగ బలంతో ఇంజనులోకి గాలి నెట్టే పంకా.

"అట్ల ఉండదు చాచా, సర్వీస్ మొత్తం మా దగ్గరనే అయింది" అన్నాడు ఇమ్రాన్.

"నువ్వు ఊకో. యాదగిరి, ఆపకు. ఇంక జర తొక్కు. లీకు మొత్తం బయటపడాలె."

ఆపకు అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలలేదు.

యాదగిరి ముక్కు ఎగబీల్చాడు. మళ్లీ ఎగబీల్చాడు. వాడి ముఖంలో నవ్వు మాయమైంది.

"సత్తిగా, గిది నూనె గాదురా. పొట్టు. కట్టె కాలుతున్నది."

"నాకు చెప్తున్నవా వాసన గురించి?"

"నలభై ఏండ్లు గడ్డిల బతికిన. గడ్డి కాలితె నాకు తెల్వదా? కిందకెల్లి అంటుకున్నది!"

అప్పుడు పీల్చాను. పోలీసు ముందు నిలబడిన దొంగలా, భయంతో, నిజంగా పీల్చాను. పొలం తగలబెట్టిన వాసన. ఏ పసివాడైనా చెప్పే వాసన. పక్క అద్దంలో చూస్తే కారు వెనక నుంచి తెల్లటి పొగ సాగుతోంది. పొట్ట కింద ఇరుక్కున్న ఉలవ కట్టె ఎగ్జాస్టుకు తగిలి రాజుకుంది. కొంచెం ఆలస్యమైతే మంట ప్లాస్టిక్‌కు, అక్కడి నుంచి పెట్రోలు గొట్టాలకు పాకుతుంది. బండి కాలితే దుకాణానికి డబ్బు కట్టాల్సింది తోలుతున్నవాడే. యాదగిరి అమ్ముకున్న రెండు మిషన్లూ, మిగిలిన రెండేళ్ల మోకాళ్లూ, మేం ముగ్గురమూ ఆ కారులోనే ఉన్నాం.

వాడు గాబరాపడి బ్రేకు కొట్టలేదు. ముందు రోడ్డు మీద ఇంకొకరి పంట పరిచి ఉంది. దానికి ముందే ఖాళీగా ఉన్న చోట ఆపి, ఇంజను బంద్ చేసి, "దిగుండ్రి!" అని అరిచాడు. ఉస్తాద్ అన్న గుండె అదేనేమో.

దిగి నేల మీద బోర్లా పడుకున్నాను. కారు పొట్ట నిండా కట్టె పేరుకుపోయి, మధ్యలో ఎర్రగా రగులుతోంది. ఇమ్రాన్ నీళ్ల సీసా మూత తీశాడు. "పొయ్యకు! కాలిన ఇనుము మీద నీళ్లు పడితె పగుల్తది. కట్టె గుంజాలె!" అన్నాను. చెయ్యి పెడితే కాలుతోంది. అప్పటికి వెనక నుంచి ముసలామె పరుగున వచ్చేసింది.

"నా ఉలవలన్ని మీ బండి కిందకే గుంజుకపోతిరి! తొక్కుమంటె మోసుకపోతరా?"

"అవ్వా, జర గా కర్ర ఇయ్యి!" అన్నాడు యాదగిరి.

"ఎవల్ని అవ్వ అంటున్నవ్? నీ నెత్తి సూస్కున్నవా? నాకన్న నాలుగేండ్లు పెద్దగున్నవ్!"

"అక్కా! కర్ర ఇయ్యే తల్లీ!"

అక్క అన్నాక ఇచ్చింది. ఇవ్వడమే కాదు, "మీకు పట్టనీకి రాదు, జరుగుండ్రి" అని తనే కర్ర దూర్చి ఒక్కో గుత్తీ లాగింది. లాగినదాన్ని ఇమ్రాన్ మెరిసే బూట్లతో తొక్కి ఆర్పాడు. నేను కింద పడుకుని ఎటువైపు లాగాలో చెప్పాను. చివరి పోచ వచ్చేదాకా ఆమె లాగుతూనే ఉంది. ఒక ప్లాస్టిక్ తొడుగు అంచు కరిగింది. అంతకుమించి ఏమీ కాలేదు.

పొగ తగ్గాక కూడా నేను కారు కిందనే ఉన్నాను. ఆయిల్ చుక్క ఎక్కడైనా ఉందా అని చూశాను. కొంచెమైనా ఉంటే నా పరువు నిలుస్తుంది. లేదు. ఇంజను అడుగు పొడిగా, శుభ్రంగా ఉంది. ఎవరూ చూడని ఆ చోట కూడా, గొట్టం గొట్టాన్ని కలిసే ప్రతి అతుకూ కంసాలి గొలుసు లంకెలా నున్నగా ఉంది. ఎవరికోసం చేశారురా ఇంత పని, అనిపించింది. కాలుతున్న రోడ్డు మీద, మసి ముఖంతో, అరవై దాటిన మనిషిని, ఒక కారు పొట్ట కింద పడుకుని, అది నాది కాదని ఏడుపు మింగుకున్నాను. కళ్లల్లో నీళ్లు పొగ వల్ల అని ఇమ్రాన్‌కు చెప్పాను. సగం పొగ వల్లే.

బయటికి వచ్చి రోడ్డు పక్క కూర్చున్నాక, పనిని పనిలా చెప్పాను.

"యాదగిరి, బండికి ఏం కాలేదు. ఆయిల్ లీకు లేదు. నేను చెప్పిన పదిల ఎనిమిది ఊకెనే చెప్పిన. కాని నిజంగ చెప్తున్న, జర్మనీది కొను. దాన్ని చూసెటోళ్లు ఉన్నరు, పార్టులు దొరుకుతయి. దీనికి చిన్న రబ్బరు పోయినా నెలలు ఆగాలె. రోడ్డు మీద కట్టె తొక్కనీకి గూడ రాదు. నీకు గిది తప్పు బండి."

"నిజమే చెప్తున్నవా?"

"ఉస్తాద్ మీద ఒట్టు."

వాడు పంచెకు అంటిన మసి దులుపుకున్నాడు. తర్వాత, ఇన్ని రోజులుగా మీసాల కింద దాచుకున్న నవ్వును బయటికి తీశాడు.

"సత్తిగా, నీ నోరు ఏం చెప్తదో విననీకి తేలేదురా బండ్లు. నీ మొఖం ఏం చెప్తదో చూడనీకి తెచ్చిన. జర్మనీ బండి చూసి నా భుజం తట్టినవ్. నీకు శోభిస్తది అన్నవ్. నాకు మంచి కారు వస్తుంటె నువ్వు భుజం తడతవా? పెండ్లిల నా గడియారం చూసి అన్నం తినకుంట పోయినోనివి. అప్పుడే అనుకున్న, గీ బండిల ఏదో తక్కువున్నదని. ఇయ్యాల ఇటలీది రాంగనే నీ మొఖం నల్లగైంది. పది వంకలు పెట్టినవ్. దగ్గరికి గూడ పోలేదు. నువ్వు గంతగనం కుళ్లుకున్నవంటె బండి ఎట్లుంటదో నాకింక ఎవరు చెప్పాలె?"

ఇమ్రాన్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. ముసలామె ఆపుకోలేదు.

"గదే నిజమైన స్కానర్" అంది, కర్ర భుజాన వేసుకుంటూ.

వాడు ఇటలీ కారే కొన్నాడు. నేను చెప్పిన కష్టాలన్నీ వచ్చాయి. అవి రాలేదని రాస్తే అబద్ధం. ఒక సెన్సర్ కోసం ఆ కారు వానాకాలం సగం గోనెపట్టాల కింద నిలబడింది. ఆ దినాల్లో నేను వారానికోసారి పనిగట్టుకుని వాడింటికి పరామర్శకు పోయాను. పలకరించడానికే పోయాను.

కాదు, చూసి సంతోషించడానికే పోయాను. కాని పోయిన ప్రతిసారీ, ఎవరూ చూడకుండా పట్టా ఎత్తి, దాని మీది దుమ్ము తుడిచి వచ్చాను. ఇప్పుడు రోడ్డు మీద పంట కనబడితే యాదగిరి కారు ఆపి, దిగి, "అక్కా, దీని పొట్ట కింద నిప్పు ఉంటది, నీ పంట అంటుకుంటది" అని చెప్పి, పక్క నుంచి పోతాడు. పొగరుబోతు అని పేరొచ్చింది. భరిస్తున్నాడు.

నాకు ఇందులో అర్థమైన సంగతి ఒకటుంది. జర్మనీ కారు కొనమని నేను చెప్పింది తప్పు సలహా కాదు. ఇప్పుడు ఎవరడిగినా, మెదక్‌లో ఉండేవాడికి అదే చెబుతాను. కాని ఆ రోజు ఆ మాట నా పనితనం చెప్పిందా, నా కడుపుమంట చెప్పిందా, నాకే తెలియదు. రెండూ ఒకే మాట అన్నాయి. అప్పుడే జాగ్రత్త పడాలి. వాసన నూనెదో గడ్డిదో ఏళ్ల తరబడి తెలిసిన ముక్కు, తనకు కావలసిన వాసనను పీల్చుకున్నప్పుడు ముగ్గురు మనుషుల ప్రాణం మీదికి తెచ్చింది. అందుకే ఇప్పుడు ఎవరైనా కారు తెస్తే ముందు దాని చుట్టూ ఒకసారి తిరుగుతాను. నా లోపల ఏమైనా కదిలితే స్కానర్ తీయకముందే చెప్పేస్తాను. "ఈ బండి మీద నాకు కన్ను పడ్డది. నా మాటల సగం తీసేసి వినుండ్రి." గిరాకీ తగ్గుతుందనుకున్నాను. ఆ మాట అన్న కార్లే ముందు అమ్ముడుపోతున్నాయి.

మొన్న యాదగిరి నన్ను ఎక్కించుకుని రామాయంపేట దాకా పోయి, తిరిగి వచ్చేటప్పుడు తాళం నా చేతిలో పెట్టాడు. "మోకాలు గుంజుతున్నది. నువ్వు తోలు" అన్నాడు. ఒక పద్మిని కారు నా ముందు నుంచి వెళ్లిపోయిన ఇన్నేళ్లకు స్టీరింగ్ నా చేతికి వచ్చింది. నూట ఎనభైలో పోయాను. చెట్లు కనబడలేదు. కాదు, అరవైలో పోయాను. చెట్లు బాగానే కనబడ్డాయి. గొంతు మారే చోటు మాత్రం సరిగ్గా పట్టుకున్నాను. ఆ సంతోషం చెప్పుకుందామని పక్కకు తిరిగితే, యాదగిరి తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, నిద్రపోతున్నాడు.

నేను జీవితంలో ఎవరి పక్కనా, ఏ బండిలోనూ, కునుకు తీయలేదు. ఇంకొకడు తోలుతుంటే నా చెవి ఇంజను మీద, కాలు లేని బ్రేకు మీద ఉంటాయి. వీడు నలభై ఏళ్లు నడక వేగంతో దాచిపెట్టి కొనుక్కున్న కారును, తన మంచి చూసి ఒక్కనాడూ ఓర్వలేని వాడి చేతిలో పెట్టి గురక పెడుతున్నాడు. మెదక్ దాకా నెమ్మదిగా తోలుకొచ్చాను, స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఇంకా నెమ్మదిగా. దారి పొడుగునా నేను ఓర్వలేకపోయింది కారును కాదు. ఆ నిద్రను.